గోడ సంగతి తేలాకే అద్దె సంగతి

ప్రశ్న: మేం ముగ్గురం నాలుగేళ్లుగా ఒక అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉంటున్నాం. ఇంకో మూడు నెలల్లో అగ్రిమెంట్ అయిపోతుంది. ఈసారి అద్దె 10 శాతం పెంచుతానని ఓనర్ చెప్పారు. బెడ్‌రూమ్‌లో బయటివైపు గోడకు చెమ్మ పట్టి పెచ్చులూడుతోంది. రెండుసార్లు చెబితే పైపైన రంగు వేయించారు, కొన్నాళ్లకే మరక మళ్లీ బయటపడింది. అప్పటి నుంచీ మా ఆయన ఇల్లు మారదామంటున్నారు. ఇప్పుడు మేం కడుతున్న అద్దెకే, ఒక గది ఎక్కువున్న ఫ్లాట్ చూసొచ్చారు కూడా. పాపకు విడిగా గది ఉంటుందన్నది ఆయన ఆశ. కానీ అక్కడి నుంచి నా ఆఫీసుకు ఒకవైపే 25 నిమిషాలు ఎక్కువ పడుతుంది. పాప ఏడో తరగతి. స్కూలు నుంచి వచ్చాక నేను వచ్చేదాకా కింది ఫ్లోర్‌లో ఉండే ఆంటీ వాళ్లింట్లోనే ఉంటుంది. ఆ కొత్త ఫ్లాట్ వాళ్లు వారంలోగా టోకెన్ అడ్వాన్స్ ఇవ్వమంటున్నారు. ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఉండాలా, మారాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ అగ్రిమెంట్ బయటికి తీయండి. ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలని అందులో రాసుందో ఈ రోజే చూడండి. మూడు నెలలున్నాయని మీరు రాశారు. రెండు నెలల నోటీసు ఇవ్వాలని అందులో ఉంటే, ఆలోచించుకోవడానికి మీ చేతిలో ఉన్నది ఒక్క నెలే. గడువులోగా ఎవరూ ఏమీ చెప్పకపోతే అదే అగ్రిమెంట్ మళ్లీ అంతకాలం కొనసాగుతుందని కొన్నిటిలో ఉంటుంది. ఇంకొన్నిటిలో ఆ తర్వాత నెలనెలా లెక్కన నడుస్తుంది. అద్దె ఎంతవరకు పెంచవచ్చన్న మాట కూడా అందులో ఉందేమో వెతకండి. ఏటా ఇంత శాతానికి మించకూడదని మీరూ ఓనరూ ఎప్పుడో సంతకం పెట్టి ఉంటే, ఇప్పుడు 10 శాతం అడగడం కుదరదు. చాలామంది సంతకం పెట్టిన రోజున తప్ప ఆ కాగితాలు మళ్లీ చూడరు.

ఇక నా అభిప్రాయం. మీరు ఆ ఇంట్లోనే ఉండటం మంచిదని నాకనిపిస్తోంది, కానీ గోడ బాగయితేనే. బాగు చేయించకముందే కొత్త అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి. ఎందుకలా అంటున్నానో చెబుతాను.

మీ ఉత్తరంలో అద్దె పెంపు ముందు కనిపిస్తోంది గానీ, మిమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చింది అది కాదు. ‘అప్పటి నుంచీ మా ఆయన ఇల్లు మారదామంటున్నారు’ అని మీరే రాశారు. ఎప్పటి నుంచి? గోడకు రంగు పూసి వదిలేసినప్పటి నుంచి. రెండుసార్లు చెప్పినా వినిపించుకోని మనిషికి ఇంకా ఎక్కువ అద్దె కట్టాలా అన్న బాధ ఆయనది. అది న్యాయమైన బాధ. కానీ ఆ బాధ తీరడానికి ఇల్లు మారడమొక్కటే దారి కాదు.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ఇప్పటి మీ అద్దె 100 అనుకోండి. 10 శాతం పెరిగితే 110. ఆ కొత్త ఫ్లాట్‌కు 100. అంటే అక్కడికి వెళితే నెలకు 10 మిగులుతుంది, ఏడాదికి 120. ఇప్పుడు మారడానికయ్యే ఖర్చు వేయండి. లారీ, సామాన్లు సర్దేవాళ్ల కూలి, మధ్యవర్తి ఉంటే ఆయన కమిషన్, రెండిళ్లకూ అద్దె కట్టాల్సి వచ్చే పది పదిహేను రోజులు, పాత అడ్వాన్స్‌లో రంగులకనీ క్లీనింగ్‌కనీ పట్టుకునేది, కొలతలు కుదరని కర్టెన్లు, ఇంటర్నెట్ కనెక్షన్ మార్పు, మీరిద్దరూ పెట్టే సెలవులు. ఇదంతా కలిపి రెండు నెలల అద్దెకు సమానమైతే 200 అయినట్టు. నెలకు 10 చొప్పున ఆ 200 తిరిగి రావడానికి 20 నెలలు పడుతుంది. కొత్త అగ్రిమెంట్ ఏడాదికే అయి, ఏడాది తిరగగానే ఆ ఓనరూ 10 శాతం పెంచితే, మీరు ఖర్చుపెట్టింది సగం పైగా తిరిగొచ్చేసరికే లెక్క మొదటికొస్తుంది. మీ అసలు అంకెలతో ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి. తేడా చిన్నదైతే అద్దె పెంపు ఒక్కదాని కోసం ఇల్లు మారడంలో అర్థం లేదు. 25, 30 శాతం పెంచుతానంటే అది వేరే మాట.

ఇంకో ఇబ్బందీ ఉంది. కొత్త ఇంటి అడ్వాన్స్ ముందే కట్టాలి. పాత అడ్వాన్స్ ఖాళీ చేశాక గానీ చేతికి రాదు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. ఆ మధ్యకాలం ఎలా గడుస్తుందో మీ ఇద్దరూ ముందే మాట్లాడుకోవాలి.

లెక్కలో ఎప్పుడూ సరిగా పడనిది ప్రయాణం. ఒకవైపు 25 నిమిషాలు ఎక్కువంటే రోజుకు 50 నిమిషాలు. నెలకు 22 పనిరోజులనుకుంటే 18 గంటల పైనే. అంటే జీతం లేని రెండు పనిదినాలు మీరు ప్రతి నెలా దారిలో గడుపుతారు. స్విట్జర్లాండ్‌లో పనిచేసే ఆర్థికవేత్తలు అలోయిస్ స్టట్జర్, బ్రూనో ఫ్రే దీని మీద చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. జర్మనీలో ఏళ్ల తరబడి సేకరించిన సర్వే వివరాలను వాళ్లు పరిశీలించారు. దూరం ప్రయాణించేవాళ్లు అందుకు బదులుగా మంచి ఇల్లో మంచి జీతమో పొందుతారు కాబట్టి చెల్లుకు చెల్లు అవుతుందని మనం అనుకుంటాం. కానీ అలా జరగడం లేదని, ఎక్కువసేపు ప్రయాణించేవాళ్లు తమ జీవితం పట్ల తక్కువ తృప్తితో ఉన్నారని వాళ్లు గమనించారు. అదనపు గదికి నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతాం. ట్రాఫిక్‌కు అలవాటు పడటం కష్టం, ఎందుకంటే అది రోజూ ఒకేలా ఉండదు. ఇక్కడ గది దొరికేది ఇంటిల్లిపాదికీ, ప్రయాణం పడేది మీ ఒక్కరి మీద. ఈ మాట మీ ఆయనకు సూటిగా చెప్పండి. ఆయన ఆలోచించి ఉండకపోవచ్చు.

ఆ 50 నిమిషాలు మీ పాపవి కూడా. ఇప్పుడామెకు స్కూలు నుంచి రాగానే వెళ్లడానికి ఒక ఇల్లుంది. తెలిసిన మనిషి ఉంది. కొత్త చోట మీరు ఇంకా ఆలస్యంగా ఇల్లు చేరతారు, కింది ఫ్లోర్‌లో ఆంటీ ఉండరు. నమ్మి పిల్లను వదిలిపెట్టగలిగే పొరుగు మనిషి దొరకడానికి ఏళ్లు పడుతుంది. ఈ ఒక్క కారణానికే నేను మీ స్థానంలో ఉంటే ఆ దూరపు ఫ్లాట్ వద్దనేదాన్ని. అలాగని పాపకు విడిగా గది కావాలన్న మీ ఆయన ఆలోచన తీసిపారేయాల్సింది కాదు. ఏడో తరగతి పిల్లకు తలుపు వేసుకుని కూర్చునే చోటు కావాలనిపించడం సహజం. ఆమెనే అడిగి చూడండి. చాలా ఇళ్లలో ఈ నిర్ణయం పిల్లల కోసమే అంటూ, వాళ్లనొక్కరినే అడగరు. ఉన్న గదుల్లోనే ఒకటి సాయంత్రాలు పూర్తిగా తనకు వదిలేస్తే సరిపోతుందేమో.

ఇప్పుడు గోడ. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంది.

చెమ్మ చూడటానికి అసహ్యంగా ఉంటుందన్నది చిన్న విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ, బూజు గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రచురించింది. అలాంటి ఇళ్లలో ఉండేవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా లాంటి శ్వాస సమస్యలు ఎక్కువగా వస్తాయని అందులో చెప్పింది. కాబట్టి ఆ గదిలో పడుకునేది ఎవరైనా, ఈ రాత్రికే మంచం ఆ గోడ నుంచి దూరం జరపండి. పాప అక్కడ పడుకుంటుంటే వేరే గదిలోకి మార్చండి. ఎవరికైనా తగ్గని దగ్గు ఉంటే డాక్టరుకు గోడ సంగతి కూడా చెప్పండి.

తర్వాత ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలి. మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కనే తేదీ వేసి ఫోటో తీయండి. వాన పడ్డాక గీత దాటి పెరిగితే నీళ్లు బయటి నుంచి వస్తున్నట్టు. అంటే గోడలో పగులో, కిటికీ పైన సన్‌షేడ్ దగ్గర సందో, గోడ వెంట దిగే పైపు అతుకో. వానతో సంబంధం లేకుండా ఎప్పుడూ ఒకేలా ఉంటే గోడలోనో పై ఫ్లాట్ బాత్రూమ్‌లోనో పైపు కారుతుండవచ్చు. చలి ఎక్కువున్న పొద్దుటి పూట మాత్రమే తడి తేలి, బీరువా వెనకా మూలల్లోనూ నల్లటి బూజు చుక్కలు కనిపిస్తే, అది గదిలోని తేమే చల్లటి గోడ మీద నీరుగా మారడం.

ఇంకా అనుమానముంటే ఇలా చేయండి. మరక పక్కన పెచ్చులూడని చోట గోడను పొడిగా తుడిచి, అడుగు పొడవు అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ షీటు పెట్టి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపు వేయండి. ఒకటి రెండు రోజులాగి చూడండి. షీటు పైన, అంటే గదివైపు, నీటి చుక్కలుంటే తేమ గదిలోది. అప్పుడు కిటికీలు తెరవడం, ఆ గదిలో తడిబట్టలు ఆరేయకపోవడం, బీరువాను గోడకు నాలుగైదు అంగుళాలు ఎడంగా జరపడం లాంటివి మీ చేతిలోనే ఉన్నాయి. షీటు లోపలివైపు చెమ్మ చేరినా, తీశాక దాని కింద గోడ నల్లగా కనిపించినా, నీరు గోడలోంచే వస్తోంది. అప్పుడు ఎన్ని పూతలు రంగు వేసినా లాభం లేదు. నీరు వచ్చే దారి మూయాలి, గోడ పూర్తిగా ఆరాలి, ఆ తర్వాతే రంగు. ఆరడానికే వారాలు పడుతుంది. మీకున్న మూడు నెలలు ఈ పనికి చాలినంత సమయమే, మీరు ఈ వారం మొదలుపెడితే.

ఓనర్ వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. చాలా అపార్ట్‌మెంట్లలో బయటి గోడలు, అందరికీ చెందిన పైపులు ఏ ఒక్క ఫ్లాట్ యజమాని చేతిలోనూ ఉండవు, అసోసియేషన్ చూసుకుంటుంది. ఆయన రంగు వేయించి ఊరుకోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. అలా అయితే అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాల్సింది ఆయనే. పై ఫ్లోర్ వాళ్లకు, కింది ఫ్లోర్ వాళ్లకు కూడా అదే గోడ చెమ్మగా ఉందేమో కనుక్కోండి. ముగ్గురు కలిసి అడిగితే పని త్వరగా కదులుతుంది.

ఇక ఆయనతో మాట్లాడటం. ఫోన్‌లో కాకుండా ముందు మెసేజ్ పెట్టండి, తర్వాత కూర్చుని మాట్లాడండి. రాసేటప్పుడు కోపం వద్దు, ఫోటోలు చాలు. ఇలా ఉండవచ్చు:

“నమస్కారమండీ. ఈ ఇంట్లో ఇంకో రెండేళ్లు ఉండాలనే మేం అనుకుంటున్నాం. బెడ్‌రూమ్ గోడ ఫోటోలు పంపుతున్నాను. పెన్సిల్ గీత దాటి మరక ఎంత పెరిగిందో చూడండి. రంగు వేస్తే ఆగడం లేదు, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూపించి ఆ చోటు బాగు చేయించాలి. పని పూర్తయిన తర్వాతి నెల నుంచి పెంచిన అద్దె మొదలుపెడదాం, ఎంతన్నది కూర్చుని మాట్లాడుకుందాం. మేస్త్రీని ఎప్పుడు పంపిస్తారో చెబితే ఇంట్లో ఉంటాం.”

అద్దె పెంపును మీరు కాదనడం లేదని, దానికి ముందు ఒక పని ఉందని మాత్రమే ఇందులో ఉంది చూడండి. గోడ ఎంత ఆలస్యమైతే పెంపు అంత ఆలస్యమవుతుంది కాబట్టి తొందర ఆయనకే ఉంటుంది.

మీ బలం మీరు తక్కువ అంచనా వేసుకుంటున్నారు. పాత లెక్కే తీసుకోండి. మీ మీద పెంచితే ఆయనకు ఏడాదికి అదనంగా వచ్చేది 120. మీరు ఖాళీ చేశాక ఫ్లాట్ ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది 110. పైగా కొత్తవాళ్లు చూడటానికి వస్తే ఆ గోడ వాళ్లకూ కనిపిస్తుంది. నాలుగేళ్లు సమయానికి అద్దె కట్టి, ఇల్లు శుభ్రంగా ఉంచుకున్నవాళ్లను వదులుకోవాలని ఏ ఓనరూ అనుకోరు. అయితే ఇది మీ చుట్టుపక్కల పరిస్థితిని బట్టి ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య ఖాళీ అయిన ఫ్లాట్లలో కొత్తవాళ్లు ఎన్నాళ్లకు దిగారో, ఎంత అద్దెకు దిగారో వాకబు చేయండి. వారంలోనే నిండిపోతుంటే 10 శాతం దగ్గర పెద్దగా బేరం సాగకపోవచ్చు. నెలల తరబడి బోర్డు వేలాడుతుంటే 5 శాతం అడగండి, రెండేళ్లదాకా మళ్లీ పెంచకూడదన్న షరతు అడగండి. ఖాళీ చేస్తామని బెదిరించడం మాత్రం, నిజంగా చేయడానికి సిద్ధపడితేనే.

ఆయన ఒప్పుకుంటే ఆ ఒప్పుకున్నది అగ్రిమెంట్‌లోకి రావాలి. గోడ పని ఏ తేదీలోగా, ఎవరి ఖర్చుతో, చెమ్మ మళ్లీ వస్తే ఏం చేయాలి, అప్పుడు మీరు మామూలు నోటీసు లేకుండా ఖాళీ చేయవచ్చా, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు. ఇవి రాతలో లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.

ఆయన దాటవేస్తే? మరమ్మతు గురించి మీరు ఫలానా తేదీ అని పెట్టుకోండి, అది నోటీసు గడువుకు కనీసం వారం ముందుండాలి. ఆ రోజుకు మేస్త్రీ రాకపోతే నోటీసు ఇచ్చేయండి. అప్పుడు నేను మారమనే చెబుతాను, అద్దె ఒక్క పైసా పెంచకపోయినా సరే. కానీ మారేది ఆ దూరపు ఫ్లాట్‌కే అని ఎందుకనుకోవాలి? మీ ఉత్తరంలో రెండిళ్లే ఉన్నాయి, ఇప్పుడుంటున్నది, మీ ఆయన చూసొచ్చింది. మీ అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో ఫ్లాట్, పక్క వీధిలో ఇంకోటి చూశారా? పాప స్కూలు, ఆంటీ ఇల్లు, మీ ఆఫీసు దారి ఏదీ మారకుండా చెమ్మ లేని గోడలు దొరికితే, ఖర్చు అంతే అయినా కష్టం సగం తగ్గుతుంది. వెంటనే దొరక్కపోతే, విద్యా సంవత్సరం ముగిసేదాకా ఇక్కడే ఆరు నెలల పొడిగింపు అడగవచ్చు. పొడిగింపు కాలానికి చాలామంది ఓనర్లు కొంచెం ఎక్కువ అద్దె అడుగుతారు. అవసరాన్ని బట్టి అది ఇవ్వదగ్గదే.

ఇంకో విషయం కూడా చెప్పాలి, ఇది నేను ఇచ్చిన సలహాకు ఎదురుగా నిలబడేదే. మనకు ఉన్నచోటే ఉండిపోవాలనిపిస్తుంది. విలియం శామ్యూల్సన్, రిచర్డ్ జెక్‌హౌసర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1988లోనే దీన్ని ప్రయోగాలతో చూపించారు. ఒకే ఎంపికను ‘ఇప్పుడున్నది’ అని చూపిస్తే, కొత్తదిగా చూపించినప్పటికంటే ఎక్కువమంది దాన్నే పట్టుకుంటారు. మీరూ అలా మొగ్గుతున్నారేమో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి. మీరు వేరే ఎక్కడో ఉంటూ, ఈ ఫ్లాట్ ఖాళీగా ఉందని విని ఈ రోజే చూడటానికి వచ్చారనుకోండి. గోడ బాగు చేయించారు, అద్దె 110. దిగుతారా? ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాసి, తర్వాత చూసుకోండి. మీ ఇద్దరి సమాధానం అవును అయితే సంకోచం అక్కర్లేదు. మీ ఆయన కాదు అని రాస్తే, ఎందుకన్నది వినండి. గోడ కాకుండా ఇంకేదో బయటపడవచ్చు.

అలాగే ఆ కొత్త ఫ్లాట్‌ను ఆయన బహుశా ఒక మధ్యాహ్నం పావుగంట చూసి ఉంటారు. పాత ఇంటి లోపాలన్నీ నాలుగేళ్లుగా తెలుసు, కొత్త ఇంటివి ఒక్కటీ తెలియవు. ఆ రెంటినీ పక్కపక్కన పెడితే కొత్తదే గెలుస్తుంది. మీరు కూడా ఒకసారి వెళ్లండి, ఆఫీసు నుంచి నేరుగా, ట్రాఫిక్ బాగా ఉండే వేళకు, ఆ 25 నిమిషాలు నిజమా కాదా తెలుస్తుంది. రెండు కుళాయిలు ఒకేసారి తిప్పి ధార చూడండి. బీరువా తలుపులు తీసి వాసన చూడండి. కొత్తగా రంగు వేసిన గోడలుంటే కింది అంచున చెయ్యి పెట్టి చూడండి, అక్కడా చెమ్మ మీద పూత వేసి ఉండవచ్చు. పక్క ఫ్లాట్ వాళ్లను అడగండి, ఇంతకుముందు ఉన్నవాళ్లు ఎందుకు ఖాళీ చేశారని.

వారంలో టోకెన్ ఇవ్వాలన్న తొందర ఆ ఓనరుది, మీది కాదు. ఇస్తే వెనక్కి రాని డబ్బు అది చాలాచోట్ల. మీ ఓనర్ నుంచి మేస్త్రీ వచ్చే తేదీ రాతపూర్వకంగా వచ్చేదాకా, లేదా రాదని తేలిపోయేదాకా, ఎవరికీ ఏమీ ఇవ్వకండి. ఈ రాత్రి చేయాల్సింది రెండే: అగ్రిమెంట్‌లో నోటీసు గడువు చూడటం, గోడ మీద పెన్సిల్ గీత గీయడం.